డొరొతీ హైమన్ ఇరవై మూడేళ్లకే ఎందుకు ఆగిపోయింది?

కిందటి సంచికలో 1960 రోమ్ ఒలింపిక్స్ గురించి రాస్తూ, వంద మీటర్లలో అమెరికా అమ్మాయి విల్మా రుడాల్ఫ్ వెనక రెండో స్థానంలో వచ్చింది ఇంగ్లండ్ అమ్మాయి డొరొతీ హైమన్ అని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లిపోయాను. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. చాలామంది అడిగింది ఒకటే, ఆమె తర్వాత ఏమైంది అని. అందుకే ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి కాలమ్ మొత్తం ఆమెకే ఇస్తున్నాను.

ప్రశ్న: అసలు ఎవరండీ ఈ డొరొతీ హైమన్? రుడాల్ఫ్ గురించి చిన్నప్పుడు పాఠంలో చదువుకున్నాం, ఈమె పేరు మాత్రం ఎక్కడా వినలేదు. (డిగ్రీ చదువుతున్న ఒక పాఠకురాలు)

జవాబు: వినకపోవడం మీ తప్పు కాదమ్మా. రెండో స్థానంలో వచ్చినవాళ్ల గురించి ఎవరూ పాఠాలు రాయరు కదా. డొరొతీ 1941 మే నెలలో పుట్టింది. ఊరు కడ్‌వర్త్, ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్‌లో బార్న్‌స్లీ అనే పట్టణానికి దగ్గర. అదంతా బొగ్గు గనుల ప్రాంతం, వాళ్ల నాన్న కూడా గని కార్మికుడే. ఆమె పరుగెత్తిన క్లబ్బు పేరు హికిల్టన్ మెయిన్ యూత్ క్లబ్, హికిల్టన్ మెయిన్ అంటే అక్కడి బొగ్గు గని పేరు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీల మైదానాల్లో పెరిగిన పరుగు వీరుల కథలు మనం చాలానే విన్నాం, అవే బ్రిటిష్ అథ్లెటిక్స్ చరిత్ర అన్నట్టు చెబుతారు కూడా. ఈమె అక్కడి నుంచి రాలేదు. గని పేరు పెట్టుకున్న ఒక కుర్రకారు క్లబ్బు నుంచి వచ్చి పంతొమ్మిదేళ్లకు ఒలింపిక్ పతకం మెడలో వేసుకుంది. నాకు ఆమె మీద ఇష్టం మొదలైంది ఈ సంగతి దగ్గరే.

పదిహేడేళ్లకే 1958లో కార్డిఫ్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో ఇంగ్లండ్ రిలే జట్టులో పరుగెత్తి స్వర్ణం గెలిచింది. అదే కార్డిఫ్‌లోనే మన మిల్ఖా సింగ్ 440 గజాల పరుగు గెలిచాడు. మిల్ఖా కథ మనకు తెలిసినంతగా ఆ మైదానంలో ఆ వారమే పరుగెత్తిన ఇతరుల కథలు తెలియవు, తెలిస్తే ఆ కాలం ఇంకా బాగా అర్థమవుతుంది.

ప్రశ్న: రోమ్‌లో రుడాల్ఫ్‌కి 11.0, హైమన్‌కి 11.3 అని రాశారు. అంటే అసలు పోటీయే లేనట్టు కదా? అంత తేడాతో ఓడిపోయినామెను గొప్ప అనడం ఎందుకు? (రిటైరైన ఒక డ్రిల్లు మాస్టారు)

జవాబు: మాస్టారూ, మీరు సూటిగా అడిగారు, నేనూ సూటిగానే చెబుతాను. అవును, ఆ రోజు రుడాల్ఫ్‌కి పోటీ లేదు. కానీ రుడాల్ఫ్‌కి ఆ ఏడాది ప్రపంచంలోనే పోటీ లేదు! చిన్నప్పుడు పోలియో వచ్చి కాలికి ఇనప పట్టీ కట్టుకుని నడిచిన పిల్ల వంద, రెండు వందలు, రిలే మూడూ గెలుచుకుపోయింది. వంద మీటర్ల ఫైనల్లో వెనక నుంచి గాలి పరిమితికి మించి వీచింది కాబట్టి ఆ 11.0ని ప్రపంచ రికార్డుగా లెక్కించలేదు, లేకపోతే అదీ అయ్యేది.

ఇప్పుడు రుడాల్ఫ్‌ని కాసేపు పక్కన పెట్టి, మిగతా ఐదుగురి పోటీ చూడండి. డొరొతీకి 11.3, మూడో స్థానంలో వచ్చిన ఇటలీ అమ్మాయి జుసెప్పీనా లియోనెకి కూడా 11.3. లియోనె పరుగెత్తింది సొంత దేశంలో, స్టేడియం మొత్తం ఆమె పేరే అరుస్తుంటే. స్టాప్‌వాచీ ఇద్దరికీ ఒకే అంకె చూపించేంత దగ్గరగా వచ్చిన పరుగులో పంతొమ్మిదేళ్ల పిల్ల అంత టెన్షన్‌లోనూ బిగుసుకుపోకుండా చివరి గీత దాకా అదే ఊపుతో వెళ్లింది. వంద మీటర్లలో ఆఖరి ముప్పై మీటర్లు ఎంత కష్టమో పిల్లల చేత పరుగులు తీయించిన మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ వేగం పెరగదు, ఎవరికి తక్కువ తగ్గితే వాళ్లదే పై స్థానం. పక్కవాళ్లని చూసి భుజాలు బిగించినవాళ్లు అక్కడే పోతారు.

తర్వాత 200 మీటర్లలో కాంస్యం. అందులో రుడాల్ఫ్ 24.0, జర్మనీ అమ్మాయి యుటా హైనె 24.4, డొరొతీ 24.7. ఒకే ఒలింపిక్స్‌లో రెండు స్ప్రింట్లలోనూ పతకాలు. ఇంకొక సంగతి, ఇది చాలామందికి తెలియదు. బ్రిటన్ మహిళల్లో ఒలింపిక్ వంద మీటర్లలో పతకం గెలిచినవాళ్లు ఇప్పటిదాకా ఇద్దరే ఇద్దరు. 1948లో లండన్‌లో రజతం గెలిచిన డొరొతీ మాన్లీ, 1960లో మన డొరొతీ హైమన్. 2024 పారిస్ దాకా మూడో పేరు రాలేదు. రెండు వందల మీటర్లలో కూడా హైమన్ కాంస్యం తర్వాత ఇంకో బ్రిటిష్ అమ్మాయికి ఒలింపిక్ పతకం లేదు. అరవై ఏళ్లు దాటింది మాస్టారూ! ఈ మధ్యలో ఎంత డబ్బు, ఎన్ని సింథటిక్ ట్రాకులు, ఎంతమంది కోచ్‌లు, ఫిజియోలు వచ్చారో లెక్కేసుకుని అప్పుడు ఆ 11.3ని మళ్లీ చూడండి.

ప్రశ్న: ఒకచోట ఇంగ్లండ్ అంటారు, ఇంకోచోట బ్రిటన్ అంటారు. ఒకసారి మీటర్లు, ఒకసారి గజాలు. ఏది సరైనది? (పోటీ పరీక్షలకు చదువుతున్న పాఠకుడు)

జవాబు: రెండూ సరైనవే. ఒలింపిక్స్‌కి, యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌కి బ్రిటన్ ఒకే జట్టుగా వెళుతుంది. కామన్వెల్త్ క్రీడల్లో మాత్రం ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ విడివిడిగా ఆడతాయి. ఆ రోజుల్లో ఆ క్రీడల్లో దూరాలు గజాల్లో ఉండేవి. వంద గజాలంటే 91.44 మీటర్లు, 220 గజాలంటే 201 మీటర్ల పైన కొంచెం. కాబట్టి వంద గజాల టైమ్ తీసుకెళ్లి వంద మీటర్ల టైమ్ పక్కన పెట్టకండి, పరీక్షలో అడిగినా ఇంట్లో వాదించినా.

ప్రశ్న: రోమ్ తర్వాత ఆమె ఎప్పుడైనా మొదటి స్థానంలో వచ్చిందా? లేక ఎప్పుడూ రెండూ మూడూనేనా? (ఒక గృహిణి)

జవాబు: వచ్చిందండీ, బాగా వచ్చింది. ఆమె అసలైన ఏడాది 1962. సెప్టెంబరులో బెల్‌గ్రేడ్‌లో యూరోపియన్ ఛాంపియన్‌షిప్ జరిగింది, వంద మీటర్లు 11.3లో గెలిచి యూరప్ ఛాంపియన్ అయింది. రెండో స్థానంలో ఎవరో తెలుసా? రోమ్‌లో 200 మీటర్లలో తనని దాటి వెళ్లిన యుటా హైనె. హైనె కూడా ఊరుకోలేదు, రెండు వందల్లో డొరొతీని మళ్లీ వెనక్కి నెట్టి స్వర్ణం తీసుకుంది. ఇద్దరి మధ్యా ఇలా లెక్క సరిపోయింది. ఎప్పుడూ ఒకరే గెలుస్తుంటే చూడడానికి ఏముంటుంది, నన్నడిగితే ఈ ఇద్దరి పోటీయే ఆ రోజుల యూరప్ స్ప్రింట్‌లో అన్నిటికంటే రుచిగా ఉన్న భాగం. రిలేలో కాంస్యం కూడా వచ్చింది, అంటే ఒకే ఛాంపియన్‌షిప్‌లో మూడు రంగుల పతకాలూ పట్టుకుని ఇంటికెళ్లింది.

రెండు నెలలు దాటగానే నవంబరులో భూగోళానికి అవతలి వైపు పెర్త్‌లో కామన్వెల్త్ క్రీడలు. ఆస్ట్రేలియాలో అప్పుడు ఎండాకాలం మొదలు, ఆ క్రీడలప్పుడు కాసిన ఎండల గురించి అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చలిలో, మబ్బులో పరుగెత్తడం అలవాటైన యార్క్‌షైర్ పిల్ల ఆ ఎండలో వంద గజాలు 11.2లో, 220 గజాలు 23.8లో గెలిచి రెండు వ్యక్తిగత స్వర్ణాలు తెచ్చుకుంది. ఆ రోజుల్లో మహిళల స్ప్రింట్ అంటే ఆస్ట్రేలియా పేరే ముందు చెప్పేవాళ్లు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో వందా రెండు వందలూ గెలిచింది వాళ్ల బెటీ కత్‌బర్టే. అలాంటి వాళ్ల గడ్డ మీద, వాళ్ల జనం ముందు రెండు స్ప్రింట్లూ గెలవడం అంటే మామూలు విషయం కాదు.

1963లో కూడా అదే ఊపు. ఆ ఏడాది చివర బీబీసీ ప్రేక్షకుల ఓట్లతో ఇచ్చే ఏటేటి ఉత్తమ క్రీడాకారుల బహుమతి ఆమెకే వచ్చింది. దాని ముందటి ఏడాది స్విమ్మర్ అనీటా లాన్స్‌బ్రో, తర్వాతి ఏడాది లాంగ్‌జంప్ మేరీ రాండ్. వరసగా మూడేళ్లు మహిళలకే. ఫుట్‌బాల్, క్రికెట్ తప్ప ఇంకోటి పట్టని దేశంలో ఒక గని కార్మికుడి కూతురికి జనం కార్డులు రాసి పంపి ఓటేశారు.

ప్రశ్న: ఇరవై మూడేళ్లకే ఆగిపోయిందని ఒకరు చెప్పారు. గాయమా, పెళ్లా, ఇంకేమైనానా? స్ప్రింటర్లకి అసలు వయసు అప్పుడే కదా మొదలయ్యేది? (ఇంజినీరింగ్ విద్యార్థి)

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఈ కాలమ్ రాస్తున్నాను. గాయం ఉంది. 1964లో కాలి గాయంతోనే టోక్యో ఒలింపిక్స్‌కి వెళ్లింది. వంద మీటర్ల ఫైనల్ దాకా లాక్కొచ్చింది కానీ అక్కడ ఎనిమిదో స్థానం, ఆఖరు. యూరప్ ఛాంపియన్‌గా వచ్చి ఎనిమిదిమందిలో చివర గీత దాటడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. అయినా రిలేకి మళ్లీ నిలబడింది. జానెట్ సింప్సన్, మేరీ రాండ్, డాఫ్నీ ఆర్డెన్, డొరొతీ, నలుగురూ కలిసి 44.0 సెకన్లలో కాంస్యం. ఒలింపిక్స్‌లో ఆమెకిది మూడో పతకం. గాయంతో ఉన్న మనిషి చేతికి బ్యాటన్ ఇవ్వడమంటే జట్టుకి ఎంత నమ్మకముండాలి, ఆ నమ్మకాన్ని నిలబెట్టిందని నాకు ఆ కాంస్యం మీద ప్రత్యేకమైన గౌరవం.

కానీ ఆమె పరుగుని ఆపింది గాయం కాదు. ఒక పుస్తకం.

తన పరుగుల కథ తనే చెప్పుకుంటూ ఆత్మకథ అచ్చేయించింది, దానికి డబ్బు తీసుకుంది. అంతే! ఆ రోజుల అమెచ్యూర్ నిబంధనల ప్రకారం క్రీడ వల్ల డబ్బు సంపాదించినవాళ్లు ప్రొఫెషనల్ కింద లెక్క, ప్రొఫెషనల్‌కి ఒలింపిక్స్‌లో గానీ ఇతర అంతర్జాతీయ అథ్లెటిక్స్‌లో గానీ చోటు లేదు. పరుగెత్తినందుకు డబ్బు తీసుకోలేదు, పందెం కాయలేదు, ఎవరికీ అన్యాయం చేయలేదు. తన జీవితం గురించి తను రాసుకుంది. దానికి శిక్ష, దేశం తరఫున మళ్లీ ఎప్పుడూ పరుగెత్తకూడదు. 1969లో ఇరవై ఎనిమిదేళ్ల వయసులో మళ్లీ స్పైక్స్ కట్టుకుని ట్రాక్ మీదకొచ్చింది. దేశం లోపల జరిగే పోటీల్లో పరుగెత్తనిచ్చారు కానీ బ్రిటన్ జెర్సీ మాత్రం ఇవ్వలేదు. వేగం ఉంది, మనసుంది, నిబంధన ఒప్పుకోలేదు.

ఇది ఆమె ఒక్కదానికే జరిగిందా అంటే కాదు. 1912 ఒలింపిక్స్ వీరుడు జిమ్ థోర్ప్ చిన్న బేస్‌బాల్ లీగుల్లో కొద్దిపాటి డబ్బుకి ఆడాడని పతకాలు లాక్కున్నారు, అతను పోయిన చాలా ఏళ్లకు 1980లలో గానీ వాటిని తిరిగివ్వలేదు. ఫిన్లండ్ పావో నూర్మిని 1932 ఒలింపిక్స్‌కి ముందు ఆపేశారు. స్వీడన్ గుండెర్ హాగ్, మైలు పరుగులో ప్రపంచ రికార్డు చేతిలో ఉండగానే 1946లో జీవితకాల నిషేధం. వీళ్లంతా పోటీల డబ్బు తీసుకున్నారన్న ఆరోపణ మీద పోయినవాళ్లు. డొరొతీది అది కూడా కాదు, రాసుకున్నందుకు.

అమెచ్యూర్ అనే మాట పైకి వినడానికి ఎంతో పవిత్రంగా ఉంటుంది, ఆట కోసమే ఆట, డబ్బు కోసం కాదు అని. ఆ నిబంధన పుట్టింది ఇంగ్లండ్‌లోనే, పందొమ్మిదో శతాబ్దంలో. కూలి చేసుకుని బతికేవాళ్లని కొన్ని సంఘాలు బాహాటంగానే రానిచ్చేవి కావు, చేతి పని చేసేవాడు అమెచ్యూర్ కాదని రాసిపెట్టుకున్న నిబంధనలు కూడా ఉండేవి. ఆ గీతలు తర్వాత చెరిగిపోయాయి కానీ డబ్బు ముట్టకూడదన్న గీత మిగిలింది. ఇంట్లో ఆస్తి ఉన్నవాడికి ఆ నిబంధన బరువే కాదు. గని కార్మికుడి కూతురికి, పొద్దున లేస్తే బతుకు చూసుకోవాల్సినదానికి అది బరువే. సమానంగా అందరి మీదా పెట్టిన నిబంధన అందరి మీదా సమానంగా పడదు, ఈ కథలో నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. నిబంధన తెలిసే రాసింది కదా అని ఎవరైనా అనొచ్చు. తెలిసినంత మాత్రాన అది న్యాయం అయిపోదు.

1982లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య ట్రస్టు నిధుల పేరుతో క్రీడాకారులు డబ్బు తీసుకోవడానికి మొదటి తలుపు తెరిచింది. అప్పటికి డొరొతీకి నలభై దాటాయి. ఆ తర్వాత వచ్చిన స్ప్రింటర్లు స్పాన్సర్లతో, ప్రకటనలతో, పుస్తకాలతో సంపాదించుకుంటూనే ఒలింపిక్స్‌లో పరుగెత్తారు, ముప్పై ఏళ్లు దాటాక కూడా పతకాలు గెలిచారు. గెలవాలి కూడా. స్ప్రింటర్లకి అసలు వయసు అప్పుడే మొదలని మీరు రాశారు చూశారా, అది నిజం. ఇరవై నాలుగు నుంచి ఇరవై ఎనిమిది దాకా ఆమె ఎంత వేగంగా పరుగెత్తగలిగేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. 1966 యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో, 1968 మెక్సికోలో ఆమె ఉండాల్సిన వయసు అది. మెక్సికో అంటే సింథటిక్ ట్రాక్ వేసిన మొదటి ఒలింపిక్స్. కెరీర్ మొత్తం బొగ్గు బూడిద పరిచిన ట్రాకుల మీద పరుగెత్తిన ఆమెకి ఆ గట్టి, వేగమైన ట్రాక్ మీద ఒక్క ఒలింపిక్ ఫైనల్ కూడా దక్కలేదు.

ప్రశ్న: ఇప్పుడు ఆ ఊళ్లో ఆమెని ఎవరైనా గుర్తుపెట్టుకున్నారా? (పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: కడ్‌వర్త్‌లో స్టేడియానికి ఆమె పేరే, డొరొతీ హైమన్ స్టేడియం. బతికుండగానే సొంత ఊరి మైదానానికి తన పేరు పెట్టడం కంటే ఏం కావాలి.

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. ఫోన్‌లో స్టాప్‌వాచీ పెట్టి తీస్తే వంద మీటర్లు 13.6 వచ్చింది. 1960లో 11.3 అంటే మా పాప ఎంత దూరంలో ఉన్నట్టు? (ఒక తండ్రి)

జవాబు: ఎనిమిదో తరగతికి 13.6 అంటే చాలా మంచి పరుగు, ముందు పాపకి నా అభినందనలు చెప్పండి. కానీ ఆ అంకెని 11.3 పక్కన పెట్టేముందు రెండు విషయాలు చూడాలి. చేత్తో తీసిన టైమ్ ఎప్పుడూ అసలు కంటే తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే తుపాకీ పేలాక మన వేలు బటన్ నొక్కడానికి కాస్త ఆలస్యమవుతుంది, చివర్లో మాత్రం గీత దగ్గరికొచ్చే మనిషిని ముందే చూసి సిద్ధంగా ఉండి నొక్కేస్తాం. అందుకే చేతి టైమ్‌ని ఎలక్ట్రానిక్ టైమ్‌తో పోల్చాలంటే వంద మీటర్లకి 0.24 సెకను కలుపుతారు. రోమ్‌లో అధికారికంగా లెక్కలోకి తీసుకున్నది చేతి టైమే, కాబట్టి డొరొతీ 11.3ని ఇప్పటి లెక్కలో 11.5 చిల్లర అనుకోవచ్చు, అదీ బూడిద ట్రాక్ మీద. మీ పాపది కూడా 13.8 చిల్లర అనుకోండి.

ఇంకొకటి, వంద మీటర్లు సరిగ్గా టేపుతో కొలిచారా? అడుగులతో కొలిస్తే నాలుగైదు మీటర్లు ఇటూ అటూ అయిపోతుంది, అంటే అర సెకను పైనే. ఈసారి టేపుతో కొలిచి, మీరు చివరి గీతకి సూటిగా పక్కన నిలబడి, స్టార్ట్ ఇచ్చేవాళ్లని అరవడంతో పాటు చెయ్యి కూడా గట్టిగా కిందకి దించమనండి. వంద మీటర్ల దూరం నుంచి శబ్దం మీ దగ్గరికి రావడానికే దాదాపు 0.3 సెకను పడుతుంది, అందుకే ఆ రోజుల్లో టైమ్ తీసేవాళ్లు తుపాకీ చప్పుడు విని కాదు, పొగ చూసి వాచీ నొక్కేవాళ్లు. మీరూ చెయ్యి చూసి నొక్కండి, ముగ్గురి చేత తీయించి మధ్య అంకె తీసుకోండి, అది వచ్చాక మళ్లీ రాయండి.